ఆరో మెట్టు దగ్గర తప్పిన ఊహ

మీ మొబైల్ నంబరులో ఎన్ని అంకెలుంటాయో ఈ సంఖ్యలోనూ అన్నే ఉన్నాయి: 4294967297. మన పద్ధతిలో కామాలు పెడితే 4,29,49,67,297. చదివితే 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. ఈ నెల గణితం పేజీ మొత్తం ఈ ఒక్క సంఖ్య గురించే. ఆరో తరగతి దాటిన పిల్లలు ఇంట్లో ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని, ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని చదవండి. కాలిక్యులేటర్ ఉన్నా పర్వాలేదు గానీ, చేత్తో చేస్తేనే ఇందులో మజా తెలుస్తుంది.

ముందు ఈ సంఖ్య ఎలా పుట్టిందో చూద్దాం. 2తో మొదలుపెట్టండి. దాన్ని దానితోనే గుణిస్తే 4. నాలుగును నాలుగుతో గుణిస్తే 16. 16ను 16తో గుణిస్తే 256. 256ను 256తో గుణిస్తే 65,536. ఇంకొక్కసారి అదే పని చేస్తే 4,29,49,67,296. ఇప్పుడు ప్రతి మెట్టు దగ్గరా ఒకటి కలపండి. వరసగా వచ్చేవి ఇవి:

3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297

ఆరో మెట్టు మీద కూర్చున్నదే మన సంఖ్య.

మొదటి మూడూ ప్రధాన సంఖ్యలని, అంటే ప్రైమ్ నంబర్లని, పిల్లలు చూడగానే చెబుతారు. 1తో, తనతో తప్ప మరి దేనితోనూ శేషం లేకుండా భాగించలేనివి. 257 కూడా అంతే, కాస్త ఆలోచిస్తే తేలిపోతుంది. 65,537కి కొంచెం ఓపిక కావాలి. ఒక సంఖ్యకు కారణాంకాలుంటే వాటిలో ఒకటైనా దాని వర్గమూలం లోపలే ఉంటుంది. కాబట్టి 256 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. అవి 54. ఒక సాయంత్రం పని. దేనితోనూ తెగదు. అదీ ప్రధాన సంఖ్యే.

అయిదుకి అయిదూ ప్రధాన సంఖ్యలు. మరి ఆరోది?

1640లో పియరీ డి ఫెర్మా అనే ఫ్రెంచి ఆయన తన ఉత్తరాల్లో ఈ వరసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే అయి ఉంటాయని రాశాడు. ఫెర్మా ఉద్యోగరీత్యా టూలూజ్ నగరంలో న్యాయవ్యవహారాలు చూసే అధికారి. గణితం ఆయనకు తీరిక వేళల వ్యాపకం. ఆ తీరికలోనే ఆయన కనిపెట్టిన విషయాలు ఈనాటికీ ఇంజనీరింగ్ పుస్తకాల్లో ఉన్నాయి. ఈ వరస గురించి రాసినప్పుడు తన దగ్గర నిరూపణ లేదని నిజాయితీగానే ఒప్పుకున్నాడు. కానీ నమ్మకం మాత్రం గట్టిగానే ఉంది.

ఆయన్ని తప్పుపట్టే ముందు ఆరో మెట్టు బరువెంతో చూడండి. అయిదో మెట్టుకు 54 భాగహారాలు సరిపోయాయి. ఆరో మెట్టుకు వర్గమూలం 65,536 దాకా వెళ్లాలి. ఆ లోపల ప్రధాన సంఖ్యలు 6,542 ఉన్నాయి. పది అంకెల సంఖ్యను ఈకతో, సిరాతో ఆరున్నర వేలసార్లు భాగించడానికి ఎవరు కూర్చుంటారు?

దాదాపు తొంభై ఏళ్లు ఆ మాట అలాగే ఉండిపోయింది. 1729 డిసెంబరులో గోల్డ్‌బాక్ అనే గణితవేత్త రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న ఒక 22 ఏళ్ల కుర్రాడికి ఉత్తరం రాస్తూ, చివర్లో ఫెర్మా చెప్పిన ఈ విషయం నీకు తెలుసా అని అడిగాడు. ఆ కుర్రాడి పేరు లియొనార్డ్ ఆయిలర్. 1732లో ఆయిలర్ జవాబు చెప్పాడు. ఆరో మెట్టు సంఖ్య ప్రధాన సంఖ్య కాదు. 641తో తెగుతుంది.

మాట నమ్మకండి, గుణించి చూడండి. భాగఫలం 67,00,417.

67,00,417 × 600 = 4,02,02,50,200
67,00,417 × 40 = 26,80,16,680
67,00,417 × 1 = 67,00,417

మూడూ కూడితే 4,29,49,67,297. ఒక్క అంకె కూడా తేడా లేదు. (మన తాతల కాలంలో గుణకారం సరిచూసుకోవడానికి అంకెలు కూడేవాళ్లు. 641కి అంకెల మొత్తం చివరికి 2, 67,00,417కి 7. రెండేళ్లు పద్నాలుగు, అంటే 5. మన పెద్ద సంఖ్య అంకెలు కూడినా 59, పద్నాలుగు, 5. నానమ్మకో తాతయ్యకో ఈ పద్ధతి గుర్తుందేమో అడగండి.)

ఇక్కడ పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. ఆయిలర్‌కు 641 అనే సంఖ్య ఎలా తట్టింది? వరసగా 2, 3, 5, 7 అంటూ ప్రతి ప్రధాన సంఖ్యతో భాగిస్తూ పోయినా 116వ ప్రయత్నంలో 641 వచ్చేస్తుంది. 6,542 అనుకుని భయపడ్డాం గానీ నిజానికి అంత దూరం పోవాల్సిన పనే లేదు. అయితే ఆయిలర్ అన్ని కూడా చెయ్యనక్కర్లేని దారి చూపించాడు. ఆ దారి అర్థం కావడానికి చిన్న ఉదాహరణ చూద్దాం.

2, 4, 8, 16, 32, 64, 128, 256... ఇలా రెట్టింపు చేసుకుంటూ పోండి. ఒక్కోదాన్నీ 17తో భాగించి శేషం మాత్రం రాసుకోండి. 2, 4, 8, 16, 15, 13, 9, 1 వస్తాయి. తర్వాత మళ్లీ 2, 4, 8... గడియారం ముల్లులా తిరుగుతూనే ఉంటాయి. చక్రం పొడవు 8. సరిగ్గా సగం దారిలో, నాలుగో చోట, 17కి ఒకటి తక్కువైన 16 వచ్చింది చూశారా? ఇంకో విషయం. 17లో ఒకటి తీసేస్తే 16. అది 8కి గుణిజం. బేసి ప్రధాన సంఖ్య ఏది తీసుకున్నా ఇంతే. చక్రం పొడవు ఆ సంఖ్యలో ఒకటి తీసేయగా వచ్చినదాన్ని నిశ్శేషంగా భాగిస్తుంది.

మన పెద్ద సంఖ్య అంటే ముప్పై రెండో రెట్టింపు, దానికి ఒకటి కలిపినది. ఏదైనా ప్రధాన సంఖ్య దాన్ని నిశ్శేషంగా భాగించాలంటే, ముప్పై రెండో చోట శేషం ఆ ప్రధాన సంఖ్యకు ఒకటి తక్కువ రావాలి. అంటే ముప్పై రెండు సగం దారి, చక్రం పొడవు 64. కాబట్టి ఆ ప్రధాన సంఖ్యలో ఒకటి తీసేస్తే 64 గుణిజం మిగలాలి. 64 ఎక్కం చెప్పుకుంటూ ఒక్కొక్కటి కలపండి: 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641. ఇందులో ప్రధాన సంఖ్యలు కానివి కొట్టేస్తే మిగిలేవి అయిదే. 193తో భాగిస్తే శేషం 109. 257తో 2. 449తో 325. 577తో 288. 641తో సున్నా.

ఆరున్నర వేల భాగహారాల పని అయిదు భాగహారాల్లో అయిపోయింది. విచిత్రం ఏమిటంటే, చక్రం పొడవు గురించి పైన చెప్పుకున్న సూత్రానికి మూలం ఫెర్మాదే. అదీ 1640 నాటిదే. తాళంచెవి ఆయన జేబులోనే ఉంది.

ఈ సంఖ్య గురించి రాయాలని నాకు అనిపించడానికి ఒక కారణం ఉంది. కొన్నేళ్ల కిందట నా క్లాసులో ఒక రీజనింగ్ పేపరు పెట్టాం. 1, 2, 4, 8, 16, తర్వాత ఏమిటి అన్నది ఒక ప్రశ్న. ఏడో తరగతి అమ్మాయి ఒకతె 31 అని రాసింది. కీలో 32 ఉంది. నేను మార్కు కొట్టేశాను. పేరెంట్స్ మీటింగ్‌కి వాళ్ల నాన్నగారు వచ్చి, కోపమేమీ లేకుండా, "సార్, మా పాప రాసిన దాంట్లో తప్పేంటో ఒకసారి మీరే చెప్పండి, నేను చెప్తే వినట్లేదు" అన్నారు. పాప నోట్‌బుక్ తెరిచి ఒక బొమ్మ చూపించింది. "32 అవ్వాల్సిందేనా సార్?" అని అడిగింది.

ఆ బొమ్మ మీరూ గీయండి. స్టీలు ప్లేటు ఒకటి బోర్లించి చుట్టూ గీస్తే పెద్ద వృత్తం వస్తుంది. దాని అంచు మీద రెండు చుక్కలు పెట్టి గీతతో కలిపితే వృత్తం రెండు ముక్కలవుతుంది. మూడు చుక్కలు పెట్టి అన్నింటినీ ఒకదానితో ఒకటి కలిపితే నాలుగు ముక్కలు. నాలుగు చుక్కలకు ఎనిమిది. అయిదుకు పదహారు. ఇక్కడిదాకా వచ్చాక ఎవరైనా ఆరు చుక్కలకు 32 అనే అంటారు. గీసి లెక్కపెట్టండి. మూడు గీతలు ఒకేచోట కలవకుండా చుక్కల్ని కాస్త అటూ ఇటూగా పెట్టండి. ఎన్నిసార్లు లెక్కపెట్టినా 31 ముక్కలే వస్తాయి. 32వ ముక్క దొరకదు.

పేపరులో 32కే మార్కు, అది నేను మార్చలేదు. ప్రశ్న అడిగినవాళ్ల ఉద్దేశం రెట్టింపు అని అందరికీ తెలుసు, పరీక్షలో ఆ ఉద్దేశం పట్టుకోవడం కూడా ఒక నైపుణ్యమే. ఆ మాటే పాపకీ చెప్పాను. కానీ ఆ రోజు నుంచి నా క్లాసులో "తర్వాత ఏమిటి" అని అడిగిన ప్రతిసారీ "ఎందుకు" అని కూడా అడుగుతున్నాను. ఫౌండేషన్ పేపర్లలో, ఒలింపియాడ్ పేపర్లలో ఇలాంటి ప్రశ్నలు బోలెడు వస్తాయి. వాటి ప్రాక్టీసు వల్ల పిల్లల చూపు పదునెక్కుతుంది, కాదనను. కానీ నాలుగు సంఖ్యలు చూసి అయిదోది చెప్పేయడమే గణితం అని పిల్లలు అనుకుంటే, తర్వాతి తరగతుల్లో నిరూపణలు వచ్చినప్పుడు బిక్కమొహం వేస్తారు. "కనిపిస్తోంది కదా సార్, మళ్లీ ప్రూవ్ చెయ్యడం దేనికి?" అని అడిగే తొమ్మిదో తరగతి పిల్లలు నాకు ఏటా ఎదురవుతారు. వాళ్లకు నేను ఇచ్చే జవాబు ఈ పది అంకెల సంఖ్యే.

వాళ్ల కోసమే ఇంకొకటి. 641తో తెగుతుందని భాగహారం చెయ్యకుండానే చూపించవచ్చు. ఇందుకు తొమ్మిదో తరగతి సర్వసమీకరణం ఒక్కటి చాలు: రెండు వర్గాల భేదం అంటే వాటి మూలాల మొత్తం, భేదాల లబ్ధం. 641ని రెండు రకాలుగా విడగొడదాం.

641 = 625 + 16, అంటే 5⁴ + 2⁴
641 = 640 + 1, అంటే 5 × 2⁷ + 1

మొదటి దాని నుంచి 16 = 641 − 5⁴. మన సంఖ్య 2³² + 1. అందులో 2³² అంటే 16 × 2²⁸. ఆ 16 స్థానంలో 641 − 5⁴ పెట్టండి.

2³² + 1 = 641 × 2²⁸ − 5⁴ × 2²⁸ + 1

5⁴ × 2²⁸ అంటే 5 × 2⁷ కి నాలుగో ఘాతం, అంటే 640⁴. కాబట్టి

2³² + 1 = 641 × 2²⁸ − (640⁴ − 1)
640⁴ − 1 = (640² + 1)(640 + 1)(640 − 1)

మధ్యలో ఉన్న 640 + 1 అంటే 641. కుడివైపు రెండు ముక్కల్లోనూ 641 ఉంది, కాబట్టి మొత్తం 641తో తెగి తీరాలి. అంతే. మిగతా లెక్క కూడా వేస్తే 26,84,35,456 లోంచి 639 × 4,09,601 తీసేయాలి. వచ్చేది 67,00,417, మనం ముందు చూసిన భాగఫలమే. అది మాత్రం అసలుసిసలు ప్రధాన సంఖ్య. ఇంక తెగదు.

ఈ సంఖ్య ఇరుగుపొరుగు కూడా సామాన్యమైనవి కావు. దీనికి ఒకటి తక్కువైన 4,29,49,67,296 రోజూ మన ఇళ్లలో పనిచేస్తోంది. ఇంటర్నెట్‌లో ఒక్కో పరికరానికి చిరునామా ఇచ్చే పాత పద్ధతి, ఐపీవీ4, 32 బిట్లది. ఒక్కో బిట్ సున్నా కావచ్చు లేదా ఒకటి కావచ్చు. కాబట్టి మొత్తం చిరునామాలు సరిగ్గా ఇన్నే. ప్రపంచ జనాభాకు కూడా చాలవు కాబట్టే కొత్త పద్ధతి తేవాల్సి వచ్చింది.

రెండు తక్కువైన 4,29,49,67,295 ఇంకా ముచ్చటైనది. 3 × 5 × 17 × 257 × 65,537 చేసి చూడండి. అదే వస్తుంది! వరసలోని మొదటి అయిదింటి లబ్ధానికి 2 కలిపితే మన సంఖ్య. 257తో భాగించినప్పుడు శేషం 2 ఎందుకు వచ్చిందో ఇప్పుడు తెలిసింది కదా. 3తో, 5తో, 17తో, 65,537తో భాగించినా శేషం రెండే.

ఆ అయిదింటికీ జామెట్రీ బాక్సుతో చుట్టరికం ఉంది. గుర్తుల్లేని స్కేలు, వృత్తలేఖిని మాత్రమే వాడి, అన్ని భుజాలూ, అన్ని కోణాలూ సమానంగా ఉండే బొమ్మ గీయాలి. మూడు భుజాలకు కుదురుతుంది, అయిదుకు కుదురుతుంది. ఏడు భుజాలకు ఎంత ప్రయత్నించినా కుదరదు. రెండు వేల ఏళ్లకు పైగా ఇంతకుమించి ముందుకు పోలేదు. 1796లో 18 ఏళ్ల గౌస్ 17 భుజాల బొమ్మ గీయవచ్చని నిరూపించాడు. భుజాల సంఖ్య బేసి ప్రధాన సంఖ్య అయితే, అది మన వరసలోది కావాలి. లేకపోతే ఆ రెండు పరికరాలతో గీయడం కుదరదు. ఇవాళ్టిదాకా తెలిసినంతలో అలా గీయగల బేసి భుజాల బొమ్మల్లో అతి పెద్దదానికి 4,29,49,67,295 భుజాలుంటాయి. గీయమని మాత్రం హోంవర్క్ ఇవ్వం.

ఇక 65,537. మీరు ఆన్‌లైన్‌లో డబ్బు కట్టేటప్పుడు సమాచారాన్ని కాపాడే పద్ధతుల్లో ఆర్‌ఎస్‌ఏ ఒకటి. అందులో అందరికీ తెలిసేలా ఉంచే తాళంచెవిలో ఎక్కువగా వాడే సంఖ్య ఇదే. ఆ పద్ధతి బలమంతా మనం పైన చూసినదే: రెండు సంఖ్యల్ని గుణించడం తేలిక, వచ్చినదాన్ని మళ్లీ విడగొట్టడం కష్టం. 641ని 67,00,417తో గుణించడానికి మీకు రెండు నిమిషాలు పట్టింది. విడగొట్టడానికి ప్రపంచానికి తొంభై ఏళ్లు పట్టింది.

అన్నట్టు, ఆ అమ్మాయికి ఆరో మెట్టు కథ చెప్పినప్పుడు వెంటనే "మరి ఏడోది?" అంది. ఏడో మెట్టు సంఖ్యకు 20 అంకెలు. 1880లో లాండ్రీ అనే ఫ్రెంచి ఆయన, ఎనభై దాటిన వయసులో, అది 2,74,177తో తెగుతుందని కనిపెట్టాడు. ఎనిమిదోది 1970లో కంప్యూటర్‌కు గానీ లొంగలేదు. ఆరో మెట్టు నుంచి 33వ మెట్టు వరకు ఒక్కటి కూడా ప్రధాన సంఖ్య కాదని ఇప్పుడు తెలుసు. 34వ మెట్టు మీది సంఖ్యకు 258 కోట్లకు పైగా అంకెలుంటాయి. అది ప్రధాన సంఖ్యో కాదో ఇంకా ఎవరూ తేల్చలేదు. ఈ మాట చెప్పినప్పుడు ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, ఇన్నిసార్లు కాలేదు కాబట్టి అదీ కాదేమో అంది. అని తనే నాలుక్కరుచుకుని నవ్వేసింది.